ఆర్వీలో టీవీ: ముందు దక్షిణం వైపు చూడండి

ఎండాకాలం సెలవులు దగ్గరపడేసరికి ఈ శీర్షికకి అమెరికా నుంచి ఆర్వీ ప్రశ్నలు మొదలవుతాయి. ఆర్వీ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే బండి, మన సినిమావాళ్ల క్యారవాన్ లాంటిదే, కాకపోతే అక్కడ మామూలు సంసారులు కూడా అద్దెకి తీసుకుని ఊళ్లు తిరుగుతారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అందులో టీవీ చూడటం గురించే ఉన్నాయి, అందుకని అన్నీ ఒకచోట వేస్తున్నాం.

ప్రశ్న: జూన్‌లో మా అత్తగారూ మామగారూ వస్తున్నారండీ. ఆర్వీ అద్దెకి తీసుకుని రెండు వారాలు డాలస్ నుంచి ఎల్లోస్టోన్ దాకా తిరిగొద్దామని ప్లాన్. రాత్రి సీరియల్ చూడకపోతే అత్తయ్యగారికి అన్నం సహించదు. శాటిలైట్ డిష్ కొందామంటారు మావారు, దండగ అంటాను నేను. ఎవరిది కరెక్ట్?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ఈ ప్రయాణానికి మీదే కరెక్ట్. అద్దె బండి పైకప్పుకి రంధ్రం పెట్టనివ్వరు కాబట్టి నేలమీద పెట్టుకునే డిష్షే గతి. దానికి వందల డాలర్లు, విడిగా రిసీవర్, ఆపైన నెల చందా, ఇంతా చేసి రెండు వారాల తర్వాత అది గరాజ్‌లో మూల చేరుతుంది. పోనీ డబ్బుదేముంది అనుకున్నా, అసలు అడ్డం వచ్చేది చెట్లు.

టీవీ శాటిలైట్లు భూమధ్యరేఖకి సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. భూమితో పాటే తిరుగుతాయి కాబట్టి మనకి కదలనట్టే ఉంటాయి. అమెరికా అంతా ఆ రేఖకి ఉత్తరాన ఉంది, అందుకని అక్కడ ఏ డిష్ అయినా దక్షిణం వైపే చూడాలి, ఎంత ఉత్తరానికి పోతే శాటిలైట్ అంత కిందికి దిగిపోతుంది. అక్కడి డీటీహెచ్ కంపెనీ డిష్ నెట్‌వర్క్ వాళ్ల పడమటి శాటిలైట్లు 110, 119, 129 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల మీద ఉన్నాయి. వాటిలో 119ని డాలస్ నుంచి చూస్తే దాదాపు 45 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అదే ఎల్లోస్టోన్ వెళ్లేసరికి 38. ఏడు డిగ్రీలే కదా అనిపిస్తుంది గానీ, అక్కడి అడవంతా నిటారుగా పెరిగే లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు. డిష్‌కి దక్షిణాన 75 అడుగుల చెట్టు ఒక్కటి ఉందనుకోండి, దాని మీదుగా శాటిలైట్ కనబడాలంటే మీరు సుమారు వంద అడుగులు వెనక్కి జరగాలి. క్యాంప్‌గ్రౌండ్‌లో మీకిచ్చే స్థలం అంత పొడుగు ఉండదు.

దీనికో చిట్కా ఉంది, అద్దె బండివాళ్లకీ సొంత బండివాళ్లకీ పనికొస్తుంది. చెయ్యి ముందుకి పూర్తిగా చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఎత్తు సుమారు పది డిగ్రీలు. దక్షిణం వైపు తిరిగి నేలా ఆకాశం కలిసేచోటు నుంచి పిడికిలి మీద పిడికిలి నాలుగు పేర్చండి. నాలుగో పిడికిలి దగ్గర, అక్కణ్నుంచి కాస్త నైరుతి దాకా ఆకాశం కనిపిస్తే టీవీ వస్తుంది. కొమ్మలు కనిపిస్తే రాదు. ఆకుల సందుల్లోంచి వెలుతురు పడుతోంది కదా అని ఆశపడొద్దు, అందులోనూ ఆకులు తడిసి ఉంటే అసలు వద్దు.

అత్తయ్యగారి కోసం మీరు చెయ్యాల్సిందల్లా ఎపిసోడ్లు డౌన్‌లోడ్ చేసుకోనిచ్చే యాప్ చూసుకుని, బయలుదేరే ముందు ఇంటి వైఫైలో ట్యాబ్‌లోకి దించుకోవడమే. ఎల్లోస్టోన్ లోపల ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకోకండి. తర్వాతి ఎపిసోడ్లు ఊళ్లలో ఆగినప్పుడు దించుకోవచ్చు. రెండు వారాల్లో సీరియల్ కథ ఎంత ముందుకి నడుస్తుందో అత్తయ్యగారికి మనకంటే బాగా తెలుసు.

ప్రశ్న: బాబూ, నేను రిటైర్డ్ టీచర్ని. డాలస్‌లో మా అబ్బాయి ఆర్వీ కొన్నాడు, మమ్మల్ని రమ్మంటున్నాడు. ఇక్కడ మా టాటా ప్లే బాక్సుకి ఏడాది డబ్బు ముందే కట్టేశాను. బాక్సూ గొడుగూ రెండూ సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తే అక్కడ బండిలో పనిచేస్తాయా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చెయ్యవు మాస్టారూ. టాటా ప్లే శాటిలైట్లు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి, డాలస్ ఉన్నది దాదాపు 97 డిగ్రీల పశ్చిమాన. రెండూ కూడితే 180. అంటే గ్లోబు మీద డాలస్‌కి సరిగ్గా వెనకవైపన్నమాట, మధ్యలో భూమి మొత్తం అడ్డం. ఎంత పెద్ద గొడుగు పెట్టినా లాభం లేదు. మిగతా భారతీయ డీటీహెచ్‌లు కూడా అమెరికాలో పనిచెయ్యవు. సూట్‌కేసులో ఆ చోటు ఆవకాయ జాడీకి ఉంచండి, మీరు లేనన్నాళ్లూ చందా ఆపి ఉంచే వీలుందేమో కస్టమర్ కేర్‌ని ఒక మాట అడగండి.

ప్రశ్న: సొంత ఆర్వీ తీసుకున్నాం, వేసవంతా శనాదివారాలు అందులోనే. కింద పెట్టే డోమ్ కొనాలా, ట్రైపాడ్ మీద మామూలు డిష్ కొనాలా? బండిలో రెండు టీవీలున్నాయి. షాపులో మాత్రం డోమ్ తీసుకోండి, బటన్ నొక్కితే చాలు అంటున్నారు.
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: బటన్ నొక్కితే చాలన్నది నిజమే. ఆ ప్లాస్టిక్ బుట్ట లోపల చిన్న డిష్, దాన్ని తిప్పే మోటారు ఉంటాయి. ఆన్ చేస్తే అదే ఆకాశమంతా వెతుక్కుని శాటిలైట్‌ని పట్టుకుంటుంది. షాపువాళ్లు చెప్పని సంగతి ఇంకోటుంది, అది ఒకసారికి ఒక్క శాటిలైట్‌నే చూడగలదు. మీరు హాల్లో పెట్టిన ఛానల్ ఒక శాటిలైట్‌లో, పిల్లలు వెనక గదిలో పెట్టింది ఇంకోదాంట్లో ఉంటే ఎవరో ఒకరి బొమ్మ పోతుంది. ఒక్క టీవీ, ఒక్క రిసీవర్ ఉన్నవాళ్లకి డోమ్ హాయి. మీ ఇంట్లో రెండు టీవీల మీదా ఎవరి రాజ్యం వాళ్లదైతే ట్రైపాడే. దాని మీది డిష్‌కి రెండు మూడు శాటిలైట్లని ఒకేసారి చూసే ఎల్‌ఎన్‌బీ, అంటే డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే ముక్క, ఉంటుంది.

నేను ట్రైపాడ్‌కే ఓటు వెయ్యడానికి పెద్ద కారణం ఇది కూడా కాదు. జూలై ఎండలో బండిని ఎవరైనా చెట్టు నీడలోనే ఆపుతారు. అప్పుడు డిష్‌ని తీసుకెళ్లి ఎండలో, ఖాళీగా ఉన్నచోట పెట్టి ఆర్‌జీ-6 అనే డిష్ కేబుల్ బండి దాకా లాక్కోవచ్చు, వంద అడుగుల లోపు అయితే పర్వాలేదు. డోమ్‌ని కూడా కింద పెట్టి అలాగే లాగొచ్చు గానీ, పైకప్పుకి బిగించేశారా, ఇక టీవీ కోసం బండినే ఎండలో ఆపాలి. ఏసీ బిల్లు కడుతూ టీవీ చూడటం ఎందుకండీ.

ట్రైపాడ్‌తో వచ్చే తలనొప్పి ఎయిమింగ్, అంటే శాటిలైట్‌కి గురిపెట్టడం. మొదట స్తంభం నిటారుగా ఉండాలి, చిన్న బబుల్ లెవెల్ పెట్టి చూసుకోండి, సగం మంది ఇక్కడే దెబ్బతింటారు. స్తంభం వంగితే దాని మీది డిగ్రీల అంకెలన్నీ అబద్ధాలే. తర్వాత రిసీవర్ మెనూలో మీ పిన్‌కోడ్ కొడితే ఎత్తు, దిక్కు, ఎల్‌ఎన్‌బీ వంపు మూడూ చెబుతుంది. ఎత్తు బిగించేసి డిష్‌ని పక్కకి వేలెడంత తిప్పండి, ఆగండి. తెర మీద మీటరు రెండు మూడు సెకన్లు ఆలస్యంగా కదులుతుంది, ఆగకుండా తిప్పుకుంటూ పోతే శాటిలైట్‌ని దాటేసి వెళ్లిపోతారు. దిక్సూచి వాడేవాళ్లకి ఒక హెచ్చరిక, అమెరికాలో దిక్సూచి చూపే ఉత్తరమూ అసలు ఉత్తరమూ ఒకటి కాదు. సియాటిల్ వైపు పదిహేను డిగ్రీల దాకా తూర్పుకీ, మెయిన్ రాష్ట్రంలో సుమారుగా అంతే పడమటికీ తేడా ఉంటుంది. ఫోన్ దిక్సూచిలో అసలు ఉత్తరం చూపే సెట్టింగ్ ఆన్ చేసుకోండి. గాలికి పడిపోకుండా ట్రైపాడ్ మధ్యలో నీళ్ల క్యాన్ వేలాడదీస్తే సరిపోతుంది.

మీరుండేది తూర్పు తీరంలో కాబట్టి ఇంకో సంగతి. పడమటి 129 శాటిలైట్ న్యూజెర్సీ నుంచి చూస్తే 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, రెండు పిడికిళ్లు కూడా లేదు, పక్కింటి కప్పు చాలు అడ్డం రావడానికి. డిష్ నెట్‌వర్క్ వాళ్లకి తూర్పున 61.5, 72.7 డిగ్రీల దగ్గర కూడా శాటిలైట్లున్నాయి. 72.7ది మీకు 43 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. అందుకని ఏది కొన్నా తూర్పు, పడమర రెండు వరసలకీ పనికొచ్చేదే కొనండి. డబ్బు కట్టే ముందు కంపెనీకి ఫోన్ చేసి, తెలుగు ప్యాక్ ఏ శాటిలైట్‌లో వస్తోంది, నేను కొనే యాంటెనా దాన్ని పడుతుందా, ఈ రెండూ అడిగి చాట్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. అన్ని ఇంగ్లిష్ ఛానళ్లూ వచ్చి తెలుగొక్కటీ రాకపోతే ఇంట్లో మీ పరిస్థితి ఏమిటో ఊహించుకోండి.

ప్రశ్న: ఐపీఎల్ రోజుల్లో మా ఆయన బండి నడుపుతూ కూడా మ్యాచ్ చూడాలంటారు. బండి కదులుతుండగా పనిచేసే డోమ్ ఉంటుందట కదా?
– ఒక పాఠకురాలు, షార్లెట్

జవాబు: ఉంటుంది, వెయ్యి డాలర్ల పైమాటే. మలుపు తిరిగినప్పుడల్లా లోపలి డిష్ తనంతట తానే తిరిగి శాటిలైట్‌ని వదలకుండా పట్టుకుంటుంది. వంతెన కిందా, చెట్ల వరస పక్కనా బొమ్మ ఆగిపోతుంది, మళ్లీ వస్తుంది. చివరి ఓవర్లో ఆ ఆగిపోవడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

కానీ నడిపేవారు చూడటమనే మాటే వద్దు. డ్రైవర్‌కి కనబడేలా టీవీ నడపడం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం, చట్టం లేకపోయినా ఇంత పొడుగు బండిని అలా నడపడం ప్రాణాలతో చెలగాటం. వెనక సీటుబెల్టు పెట్టుకుని కూర్చున్నవాళ్లు చూడొచ్చు. మీది వెనక తగిలించి లాగే ట్రైలర్ అయితే, కదులుతున్నప్పుడు అందులో మనుషులు కూర్చోవడమే చాలా రాష్ట్రాల్లో కుదరదు. మన రాత్రి మ్యాచ్ 7:30కి మొదలయ్యేసరికి మీకు ఉదయం 10 గంటలు. ఆ రోజు టిఫిన్ తిని, మ్యాచ్ చూసి, మధ్యాహ్నం రెండింటికి బయలుదేరమనండి. డోమ్ ఖర్చు మిగులుతుంది.

ప్రశ్న: ఇంట్లో వచ్చే లోకల్ ఛానళ్లు న్యూమెక్సికో దాటగానే పోయాయి, మిగతావి వస్తున్నాయి. డిష్ చెడిందా?
– ఒక పాఠకుడు, ఆస్టిన్

జవాబు: చెడలేదు. జాతీయ ఛానళ్లని శాటిలైట్ దేశమంతా పరుస్తుంది, లోకల్ ఛానళ్లని మాత్రం ఆ ప్రాంతం వరకే సన్నటి బీమ్‌గా పంపుతుంది. ఆ బీమ్ దాటితే అవి అందవు. కంపెనీకి చెప్పి సర్వీస్ అడ్రస్ మార్పించుకుంటే మీరున్న చోటి లోకల్స్ వస్తాయి. రోజుకో ఊరు తిరిగేవాళ్లకి అది విసుగు. అమెరికా కాపీరైట్ చట్టంలో ఆర్వీలకీ లారీలకీ ఒక వెసులుబాటు ఉంది, బండి రిజిస్ట్రేషన్ కాపీ, సంతకం చేసిన డిక్లరేషన్ ఇస్తే దూరప్రాంతపు నెట్‌వర్క్ ఛానళ్లు ఎక్కడున్నా చూడొచ్చు. దాని గురించి కస్టమర్ కేర్‌లో మొదట ఫోనెత్తినవాళ్లకి తెలియకపోతే ఆర్వీ విభాగానికి కలపమనండి.

వాతావరణం వార్తల కోసమే అయితే ఇదంతా ఎందుకు, బండి మీద మామూలు యాంటెనా ఉంటే గాల్లో ఉచితంగా వచ్చే స్థానిక ఛానళ్లని టీవీలో స్కాన్ చేసుకోండి. టోర్నడోలు వచ్చే ప్రాంతాల్లో శాటిలైట్‌ని నమ్ముకుని కూర్చోకండి. పెద్ద మబ్బు పట్టినప్పుడే దాని బొమ్మ పోతుంది, మీకు వార్త కావాల్సిందీ అప్పుడే. అమెరికా ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు వినిపించే, బ్యాటరీతో నడిచే నోవా వెదర్ రేడియో ఒకటి బండిలో ఉంచండి.

ప్రశ్న: స్టార్‌లింక్ ఉండగా ఇంకా ఈ డిష్‌లు ఎందుకండీ?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: తెలుగు టీవీ కోసమే అయితే చాలామందికి మీ మాటే కరెక్ట్. స్టార్‌లింక్ అంటే శాటిలైట్ ద్వారా వచ్చే ఇంటర్నెట్. దాని శాటిలైట్లు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతుంటాయి, దానికి దక్షిణమంటూ పట్టింపు లేదు, యాప్‌లో వచ్చే ఛానలేదైనా చూసుకోవచ్చు. అయితే చెట్ల బాధ దీనికీ ఉంది, పైగా ఒక మూలే కాదు, ఆకాశం వెడల్పుగా కనబడాలి. రెండోది కరెంటు. క్యాంప్‌గ్రౌండ్‌లో ప్లగ్ పెట్టుకునేవాళ్లకి చింతలేదు. ప్లగ్ లేనిచోట ఆగేవాళ్లు లెక్క వేసుకోవాలి. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీలో నిక్షేపంగా వాడుకోగలిగింది సగమే, అంటే 600 వాట్ అవర్లు. మామూలు స్టార్‌లింక్‌కి 75 వాట్లు, టీవీకి ఒక 35 వేసుకుంటే అయిదున్నర గంటలకి అయిపోతుంది, ఫ్రిజ్ సంగతి ఇంకా కలపలేదు. మినీ రకమైతే 25 నుంచి 40 వాట్లే లాగుతుంది, ఆర్వీకి అదే నయం. ఇండియాలో కట్టిన యాప్ చందా అమెరికాలో అన్ని ఛానళ్లూ చూపించదు, హక్కులు దేశాన్ని బట్టి ఉంటాయి. అమెరికా చందాయే తీసుకోండి.

పెద్దవాళ్లు రిమోట్ నొక్కితే ఛానల్ రావాలి, యాప్‌లూ పాస్‌వర్డ్‌లూ మావల్ల కాదు అంటే మాత్రం డిష్షే సుఖం. డిష్ నెట్‌వర్క్ వాళ్ల వాలీ రిసీవర్‌కి బయట హార్డ్‌డిస్క్ తగిలించి రికార్డ్ చేసుకోవచ్చు. ఆకాశం తెరిపిగా ఉన్న సైట్‌లో రికార్డ్ చేసుకున్నది మర్నాడు చెట్ల కింద కూర్చుని చూడొచ్చు.

ప్రశ్న: మేం పన్నెండు మందిమి కలిసి టెంపో ట్రావెలర్‌లో కాశీ, అక్కణ్నుంచి బదరీనాథ్ వెళ్తున్నాం. వంటమనిషి, గ్యాస్ పొయ్యి అన్నీ మావే. రాత్రి ఆగినచోట వార్తలు, భక్తి కార్యక్రమాలు చూడ్డానికి ఇంటి డీటీహెచ్ పట్టుకెళ్లొచ్చా? డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో సినిమాలున్నాయి గానీ అవి మాకొద్దు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: భేషుగ్గా. మన డీటీహెచ్ సిగ్నల్ దేశమంతా ఒకటే, ఊరు మారినంత మాత్రాన ఛానళ్లు పోవు. టాటా ప్లే అయితే విజయవాడలో డిష్ దాదాపు దక్షిణానికి, రవ్వంత ఆగ్నేయంగా, 70 డిగ్రీల ఎత్తుకి చూస్తుంటుంది. కాశీ కూడా 83 డిగ్రీల రేఖాంశం మీదే ఉంది, కాబట్టి అక్కడ సరిగ్గా దక్షిణం, ఎత్తు 60. బదరీనాథ్‌లో 54. చుట్టూ కొండలున్నా అంత ఎత్తులో అడ్డం రావడం అరుదు, అమెరికావాళ్లకి లేని సుఖం ఇది. పైగా మన దగ్గర దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా లెక్కలోకి రానంత తక్కువ.

చాలామంది తికమకపడేది ఇక్కడే. 60 డిగ్రీలన్నారు కదా అని డిష్ ముఖాన్ని దాదాపు ఆకాశానికి ఎత్తేస్తారు. మన ఇళ్ల మీద ఉండే డిష్‌లు ఆఫ్‌సెట్ రకం, ఎల్‌ఎన్‌బీ కింద నుంచి పొడుచుకొచ్చి ఉంటుంది చూడండి, అవి చూస్తున్నట్టు కనిపించే దానికంటే ఇరవై డిగ్రీలకి పైగా ఎత్తుకి చూస్తుంటాయి. అందుకని ముఖం కళ్లతో అంచనా వెయ్యకండి, వెనక బ్రాకెట్ మీది అంకెలు చూసి బిగించండి. మన సిగ్నల్ తరంగాలు నిలువుగానో అడ్డంగానో ఊగే రకం కాబట్టి ఊరు మారితే ఎల్‌ఎన్‌బీని కూడా దాని పట్టులో కొంచెం తిప్పాలి. టాటా ప్లేకి విజయవాడ నుంచి కాశీకి ఎనిమిది డిగ్రీల తేడా అంతే. 93.5 డిగ్రీల దగ్గర ఉన్న డీడీ ఫ్రీ డిష్‌కి అయితే పదహారు డిగ్రీల దాకా తిప్పాలి. బాక్సు సెటప్‌లో స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలొస్తాయి. స్ట్రెంగ్త్ ఎంతున్నా సంబరపడొద్దు, క్వాలిటీ పెరిగేదాకా తిప్పండి.

మీ ఇంటి మీది డిష్ ఊడదియ్యకండి, వచ్చాక మళ్లీ బిగించే అబ్బాయి కోసం వారం తిరగాలి. 60 సెంటీమీటర్ల డిష్ ఇంకోటి కొని ఇనుప స్టాండ్ చేయించుకోండి, ఇంటి బాక్సు మాత్రం తీసుకెళ్లండి. బాక్సు అడాప్టర్ మీద 12 వోల్టులని రాసి ఉంటే వ్యాన్ బ్యాటరీ మీదే నడపొచ్చు, కానీ నేరుగా కలపొద్దు. ఇంజిన్ నడుస్తుంటే అక్కడ 14 వోల్టుల దాకా వస్తుంది, మధ్యలో 12 వోల్టుల రెగ్యులేటర్ పెట్టించండి. నెలనెలా చందా వద్దనుకుంటే ఫ్రీ డిష్ ఉంది, బాక్సు కొన్న ఖర్చే, సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి.

ప్రశ్న: వానొస్తే డోమ్‌లో బొమ్మ ఆగిపోతోంది, ఈమధ్య తెల్లారగట్ల కూడా రావట్లేదు. కొత్తది కొనాలా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

జవాబు: కుండపోత వానలో పోవడం మామూలే, లోపలి డిష్ చిన్నది కాబట్టి ఇంటి డిష్ కంటే ముందే పోతుంది, తగ్గాక అదే వస్తుంది. తెల్లవారుజామున పోతోందంటే డోమ్ మీద మంచు నీళ్లు కట్టుకుని ఉంటాయి, మెత్తటి పొడిగుడ్డతో తుడిచి చూడండి. ఎండ వచ్చాక కూడా రాకపోతే కేబుల్ రెండు చివర్లూ విప్పండి. మధ్యలో రాగితీగ నల్లబడో పచ్చబడో ఉంటే నీళ్లు దిగాయన్నమాట, కొత్త కనెక్టర్ వేయించి, బయట ఉండే చివరకి వాటర్‌ప్రూఫ్ టేప్ చుట్టండి.